3 అడుగుల రేకు మడిచే మిషన్ షెడ్డులోనే చేసుకోవాలంటే ఏ యాంగ్లర్, ఏ బందులు వాడాలి?

గుత్తి వెల్డర్:

అందరికీ నమస్తే. గుత్తిలో చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది. బోరు మోటార్లకు స్టార్టర్ డబ్బాలు ఎక్కువగా అడుగుతున్నారు. డబ్బా 300 వెడల్పు, 400 ఎత్తు, 150 లోతు, అంతా 1 ఎంఎం జి.ఐ. (జింకు పూత) రేకు. ఇప్పుడు రేకును రెండు యాంగ్లర్ల (ఎల్ ఆకారం ఇనుము) మధ్య సి-క్లాంపులతో బిగించి కట్టె సుత్తితో కొట్టి మడుస్తున్నాం. మడత వెంబడి అలలు పడుతున్నాయి, తలుపు సరిగ్గా కూర్చోవడం లేదు. బెండింగ్ కోసం రేకులు అనంతపురం పంపితే బాడుగకే మిగులు పోతుంది.

900 ఎంఎం వరకు మడవగలిగే చేతి మిషన్ ఒకటి 3000 రూపాయల లోపు చేసుకోవాలి. వెల్డింగ్ మిషన్, 4 అంగుళాల గ్రైండర్, 13 ఎంఎం డ్రిల్లు ఉన్నాయి, లేత్ లేదు. 40×5 యాంగ్లర్ (రెక్క 40 ఎంఎం, మందం 5) చాలుతుందా, 50×6 కావాలా? మామూలు తలుపు బందులు వాడొచ్చా? చేతితో ఎంత మందం వరకు మడవొచ్చు?

ప్రొద్దుటూరు ఫిట్టర్:

తమ్ముడూ, 50×50×6 తీసుకో. 40×5 మీటరుకు 3 కిలోలు, 50×6 మీటరుకు 4.5 కిలోలు. ఆ కిలోన్నర తేడా చూసి వెనక్కి తగ్గితే 900 పొడవులో నడిమి మడత ఎప్పటికీ తెరుచుకునే ఉంటాది. పొడవు రెట్టింపైతే యాంగ్లర్ నడుమ వంగేది 16 రెట్లు పెరుగుతుంది. అందుకే ఒక అడుగు మిషన్‌కు ఏది పెట్టినా నడుస్తుంది, మూడు అడుగులకు నడవదు.

మొత్తం మూడు ముక్కలు, ఒక్కోటి 1050 ఎంఎం. కింది యాంగ్లర్ బల్ల అంచుకు బోల్టులతో కదలకుండా ఉండాల: ఒక రెక్క పైన అడ్డంగా వెనక్కి, ఇంకో రెక్క ముందువైపు కిందికి. లేచే యాంగ్లర్‌ను దానికి వీపు వీపు ఆనించి పెట్టు. అప్పుడు రెండింటి పైముఖాలు కలిసి ఒకే చదును అవుతాయి. మూడోది బిగించే పై యాంగ్లర్. అడ్డ రెక్క ముందుకు, నిలువు రెక్క వెనకవైపు పైకి ఉండాల. చాలామంది నిలువు రెక్కను ముందు పెడతారు. అట్ల పెడితే 90 దగ్గరే రేకు దానికి తగులుకుంటుంది, ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ మడవలేవు. ముందుకు వచ్చే అంచును గ్రైండర్‌తో 45 డిగ్రీలకు ఏటవాలుగా అరగదీయి. ఏటవాలు పైవైపు ఉండాల, రేకును తాకే అడుగు మాత్రం చదునుగానే ఉండాల.

మిషన్ ప్రాణమంతా బందు ఇరుసులో ఉంది. రెండు యాంగ్లర్లు కలిసే గీత మీద, సరిగ్గా పైముఖం ఎత్తులో, ఇరుసు నడిమి ఉండాల. ఇరుసు 3 ఎంఎం కిందికి పోయిందంటే, 90 డిగ్రీలు లేచేసరికి లేచే యాంగ్లర్ ముఖం 3 ఎంఎం వెనక్కి జరిగి బిగింపు అంచు మీదికి వస్తుంది. రేకును నలిపి, జింకు పూత గీకేస్తుంది. ఇరుసు పైకి పోతే దీనికి ఉల్టా: ముఖం ముందుకు జరిగి ఖాళీ వస్తుంది, మడత గుండ్రంగా పడుతుంది. తలుపు బందులు పనికిరావనేది ఇందుకే. వాటి ఇరుసు రెక్కకు ఒకవైపు ఎత్తుగా ఉంటాది, పైగా కడ్డీ లోపల వదులు. గేట్లకు వెల్డింగ్ చేసే బుల్లెట్ బందులు (ఒక సగంలో కడ్డీ, ఇంకో సగంలో అది దూరే బెజ్జం ఉండే గుండ్రటివి) 18 ఎంఎంవి రెండు కొను.

ఒక్కో యాంగ్లర్ రెండు చివర్లలో మూలను 10×10 మేర, బందు పొడవుకు కొంచెం ఎక్కువగా కోసేయి. బందు ఆ సందులో కూర్చుంటుంది, సగం మందం పైముఖానికి పైన, సగం కింద. బయటి సగం కింది యాంగ్లర్‌కు, లోపలి సగం లేచే యాంగ్లర్‌కు వెల్డింగ్. మగ కడ్డీలున్న సగాలు రెండు చివర్లా బయటివైపు ఉండి లోపలికి చూస్తుండాల. అప్పుడు లేచే యాంగ్లర్ ఏ పక్కకూ జారిపోదు.

కూర్పు కోసం పాలిష్ చేసిన కడప బండ ఒకటి తెచ్చుకో. మన పక్క దానికి కరువు లేదు. నిటారు స్క్వేర్ పైపును మూల నుంచి మూలకు రెండువైపులా పెట్టి, కింద వెలుతురు కనపడకుంటే ఆ బండ చాలు. యాంగ్లర్లు రెండూ పైముఖం కిందికి చేసి బండ మీద బోర్లా పెట్టు, నడుమ ఒక పోస్టుకార్డు మందం ఖాళీ ఉంచు, బందులున్న చివర్లు బండ అంచు దాటి బయటికి ఉండనీ. బండ మీదనే ట్యాక్ (చిన్న చుక్క వెల్డింగ్) వేస్తే రాయి వేడికి పెచ్చులు లేస్తుంది, జాగ్రత్త. ముందు ట్యాకులు మాత్రమే వేసి, బోల్టులతో బల్లకు బిగించి లేపి చూడు. 90 దగ్గర మూలమట్టం పెట్టి ముఖం కలిసే గీత మీదనే నిలువుగా ఉందా అని చూసుకో. ఉంటేనే పూర్తి వెల్డింగ్.

బిగింపుకు రెండు చివర్ల ఎం12 బోల్టులు, కింది యాంగ్లర్ అడుగున నట్టు వెల్డింగ్. పై యాంగ్లర్ బెజ్జాలు గుండ్రంగా కాక 13×20 పొడవు బెజ్జాలుగా చెయ్యి, ముందుకు వెనక్కి జరుపుకోవాల కదా. బోల్టుకు అడుగున ఒక గట్టి స్ప్రింగ్ వేస్తే వదులు చేయగానే పై యాంగ్లర్ తనంతట లేస్తుంది. లేకుంటే రేకు పెట్టేటప్పుడల్లా ఇంకో మనిషి కావాల.

పిడికి 25 పైపు, 600 పొడవు, రెండు. చివర్ల కాదు, చివరి నుంచి పావు వంతు లోపలికి పెట్టు. లాగే బలం నడుమకు దగ్గర పడితే లేచే యాంగ్లర్ తక్కువ వంగుతుంది.

యాంగ్లర్ 3.15 మీటర్లు 14 కిలోల పైచిలుకు, పై యాంగ్లర్‌కు, లేచే యాంగ్లర్‌కు బిగువు కోసం అతికించే 50×6 పట్టీ 2 మీటర్లు 4.7 కిలోలు, పైపు కలిపి 22 కిలోల దగ్గర. కిలో 65 అనుకున్నా 1450 దాటదు. పాత ఇనుము అంగట్లో ఇంకా తగ్గుతుంది గానీ అక్కడ తెచ్చేది నిటారుగా ఉందో లేదో చూసుకో. రెండు యాంగ్లర్లను వీపు వీపు ఆనించి వెలుతురుకు పట్టు, తర్వాత మూడోదానితో ఒక్కోదాన్ని జత మార్చి మళ్లీ చూడు. మూడు జతల్లోనూ సందు కనపడకుంటేనే తీసుకో.

కర్నూలు రేకుపని:

పైన చెప్పిన కూర్పు బాగుంది. బలం గురించి అడిగారు కాబట్టి లెక్క చెప్తాను. 1 ఎంఎం జి.ఐ. 900 పొడవును 600 పిడితో మడవడానికి సుమారు 14-15 కిలోల బలం చాలు. ఒక్క చేతి పని. కావలసిన బలం మందం వర్గంతో పెరుగుతుంది. 1.6 ఎంఎంకు 37 కిలోలు దాటుతుంది, 2 ఎంఎంకు 60 దగ్గర. ఇద్దరు లాగితే 2 ఎంఎం కూడా లేస్తుంది గానీ అప్పటికి పై యాంగ్లర్ తట్టుకోదు. ఈ మిషన్‌ను 900కు 1.2 దగ్గర ఆపండి. 300 పొడవు ముక్కలైతే 1.6 పెట్టొచ్చు, బిగింపు గట్టిగా ఉంటే.

బిగింపు అంచు ఎంత వెనక ఉండాలో పైన రాలేదు. కలిసే గీత నుంచి కనీసం రేకు మందమంత వెనక్కి ఉండాలి. 1 ఎంఎంకు 1.5 పెట్టండి. గీత మీదనే పెడితే 90 దగ్గర రేకుకు చోటు లేక బలమంతా బందుల మీద పడి వెల్డింగ్ చిట్లుతుంది. 3, 4 ఎంఎం వెనక్కి పోతే మూల గుండ్రమై కొలత తప్పుతుంది. రెండు చివర్లా ఈ దూరం సమానంగా ఉండాలి. ఆ దూరమంత మందం ఉన్న రేకు పట్టీలు రెండు కోసి ఉంచుకుంటే బిగించే ముందు చివర్ల పెట్టి సరిచూసుకోవచ్చు.

రేకు వదిలేశాక 2, 3 డిగ్రీలు వెనక్కి వస్తుంది. కాబట్టి 92-93 వరకు మడవాలి. స్టెయిన్‌లెస్ ఇంకా ఎక్కువ వెనక్కి వస్తుంది, బలమూ ఎక్కువ అడుగుతుంది. ఎంత మడిస్తే 90కి వస్తుందో తెలిశాక లేచే యాంగ్లర్ పక్కన ఒక అడ్డు బోల్టు పెట్టేయండి. ప్రతి రేకూ అక్కడే ఆగుతుంది. డబ్బాలు ఒకటొకటి ఒక్కోలా రాకుండా ఉండేది దీనివల్లే.

కొలతల సంగతి. లోపలి గుండ్రం రేకు మందానికి సమానంగా వచ్చినప్పుడు, ఒక్కో 90 డిగ్రీల మడతకు బయటి కొలతల మొత్తంలోంచి మందానికి 1.8 రెట్లు తీసేయాలి. మీ డబ్బా ఒళ్లు 150, 300, 150, తలుపు కూర్చోవడానికి ముందువైపు లోపలికి మడిచే 12 ఎంఎం అంచులు, అంటే పెదవులు, రెండు. మొత్తం 624. నాలుగు మడతలకు 7.2 పోతే 616.8. ఇక్కడే నష్టం ఉంది: 8×4 రేకు 1220 వెడల్పులో 616.8 రెండుసార్లు పట్టదు. లోతు 150 బదులు 145 చేయండి. అప్పుడు 606.8, రెండు కలిపి 1213.6, నడుమ కటింగ్ వీల్ తినేది పోయినా సరిపోతుంది. 2440 పొడవులో 400 చొప్పున ఆరు. 23 కిలోల పైన తూగే ఒక 1 ఎంఎం రేకులో పన్నెండు ఒళ్లు వస్తాయి. 150 మీదే పట్టుబడితే ఇదే వరుసలో ఆరే వస్తాయి; 616.8ను 2440 వైపుకు తిప్పి మూడు వరుసల్లో మూడేసి కోస్తే తొమ్మిది వస్తాయి.

1.8 అనే అంకెను గుడ్డిగా నమ్మొద్దు. మీ మిషన్ అంచు గుండ్రాన్ని బట్టి మారుతుంది. 100 ఎంఎం పట్టీ ఒకటి సరిగ్గా కొలిచి నడుమ మడవండి, రెండు కాళ్లు బయట కొలిచి కలపండి. 100 కంటే ఎంత ఎక్కువ వస్తే మీ అంకె అంతే.

మడత వరుస: ముందు పెదవులు, తర్వాత పక్కలు. తిరగేస్తే పెదవి మడవడానికి మిషన్‌లో చోటుండదు. గీతలు సూదితో గీయకండి. బయటివైపు గీత పడితే జింకు తెగి అక్కడే తుప్పు మొదలవుతుంది. మార్కర్ చాలు. మూలలు కోసే చోట ముందే 3 ఎంఎం బెజ్జం వేసి, ఆ బెజ్జం దాకా కోయండి. లేకుంటే రెండు మడతలు కలిసే చోట రేకు చినుగుతుంది.

పై మూత, అడుగు మూత నాలుగు వైపులా 15 అంచు ఉంటేనే గట్టిగా ఉంటాయి. ఒళ్లు లోపలి వెడల్పు 298, మూత బయటి కొలత 297 పెట్టండి. చిన్న వైపుల అంచులు ముందు మామూలుగా మడవండి. తర్వాత పొడుగు వైపు మడిచేటప్పుడు, లేచి నిలబడ్డ అంచులు పై యాంగ్లర్‌కు అడ్డొస్తాయి. 25×25 చతురస్రం కడ్డీ 290 పొడవు కోసి, ఆ అంచుల మధ్య పెట్టి, దాని మీద పై యాంగ్లర్ బిగించండి. అంచు 15, కడ్డీ 25 కాబట్టి తగలదు. కడ్డీ ముందు ముఖాన్ని పైకి పోయేకొద్దీ వెనక్కి వాలేలా 5 డిగ్రీలు అరగదీస్తే ఎక్కువ మడతకు చోటుంటుంది. దీనికి బోల్టులు 100 పొడవువి కావాలి, ముందే అవే కొనండి.

మూతలు పాప్ రివెట్లతో బిగించడం మేలు. జి.ఐ.ని వెల్డింగ్ చేస్తే జింకు పొగ లేస్తుంది, ఆ పొగ పీల్చినవాళ్లకు కొన్ని గంటల్లో చలి జ్వరం పట్టుకుంటుంది. తప్పదనుకుంటే ఆ చోట పూత గీకి, గాలి ఆడే చోట చేసి, తర్వాత జింకు పెయింట్ వేయండి.

గుత్తి వెల్డర్:

అన్నలూ, చెప్పినట్టే కూర్చాను. 300 పొడవు ముక్కలు సూటిగా వస్తున్నాయి. 900 రేకు మడిస్తే చివర్లు 90, నడుమ 94-95 తెరుచుకుంటోంది. పై యాంగ్లర్‌కు ఇంకా పట్టీ వెల్డింగ్ చేయలేదు. బోల్టులు ఎంత బిగించినా తేడా లేదు. బిగింపుదా తప్పు, లేచే యాంగ్లర్‌దా?

ప్రొద్దుటూరు ఫిట్టర్:

బోల్టులు ఇంకా బిగిస్తే ఎక్కువవుతుంది తప్ప తగ్గదు. చివర్లు కిందికి లాగే కొద్దీ నడుమ విల్లులాగా పైకి లేస్తుంది.

ఏది వంగుతోందో తేల్చుకోవడం సులభం. రేకు మడిచి పిడిని అట్లే ఎవరితోనైనా పట్టించి ఉంచు. నడుమ, పై యాంగ్లర్ అడుగున కాగితం ముక్క దూర్చు. దూరితే బిగింపు లేస్తోంది. దూరకుంటే, లేచే యాంగ్లర్ ముఖం మీద పొడుగు స్కేలు పెట్టి చూడు, నడుమ సందు కనపడితే అది వంగుతోంది. ఒక్క చివరే తెరుచుకుంటే ఇవి రెండూ కాదు, ఆ వైపు అంచు దూరం ఎక్కువైంది లేదా బందు వదులైంది.

నీది బిగింపే అయి ఉంటుంది. 50×6 పట్టీని నిలువు రెక్క పైఅంచుకు నిలబెట్టి వెల్డింగ్ చెయ్యి, ఎత్తు 50 నుంచి 100కు పోతుంది, బిగువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒకేసారి పొడుగునా వేయొద్దు. నడుమ నుంచి మొదలుపెట్టి 25 ఎంఎం అతుకు, 150 వదులు, మళ్లీ 25, ఒకసారి కుడికి ఒకసారి ఎడమకు పో.

ఈ వెల్డింగ్‌నే మనకు లాభంగా వాడుకోవచ్చు. చల్లారేటప్పుడు అతుకు కుంచించుకుంటుంది కాబట్టి, పైభాగాన పడిన అతుకు పైఅంచును లాగి చివర్లను కొంచెం పైకి లేపుతుంది, నడుమ కిందికి దిగుతుంది. మనకు కావలసింది అదే. రేకు మీద వదులుగా పెడితే నడుమ తాకి, చివర్ల అర ఎంఎం నుంచి 1 ఎంఎం ఖాళీ ఉండాల. బోల్టులు బిగించాక ఆ ఖాళీ మూసుకుని పొడుగునా సమానంగా నొక్కుతుంది. 1 ఎంఎం దాటి లేస్తే ఎక్కువ, సుత్తితో సరిచెయ్యి. పొరపాటున అతుకు రేకును తాకే అడుగు దగ్గర వేశావంటే ఉల్టా వంగుతుంది, నడుమ ఇంకా లేస్తుంది.

రెండో పట్టీని లేచే యాంగ్లర్ కిందికి వేలాడే రెక్కకు ఇట్లే అతికించు. కింది యాంగ్లర్ బల్ల మీద పొడుగునా ఆని ఉందా కూడా చూడు. బల్ల పలక నడుమ సందుంటే రేకు ముక్కలు దూర్చి నింపు.

కడప సబ్‌మర్సిబుల్:

మధ్యలో అడుగుతున్నా, క్షమించాల. బోరు పైపు క్లాంపులకు 50×5 పట్టీలు 90 మడవాల. ఈ మిషన్‌కే చిన్న పొడవుతో పనవుతుందా? గ్యాస్‌తో ఎర్రగా కాల్చి మడవడం ఖర్చు ఎక్కువ పడుతోంది.

కర్నూలు రేకుపని:

దీనికి ఆ మిషన్ వద్దు. 5 ఎంఎం అంటే 1 ఎంఎం కంటే ప్రతి అంగుళానికీ 25 రెట్ల బలం, బందులు నిలవవు. కారు బాటిల్ జాక్‌తో చిన్న ప్రెస్ చేసుకోండి.

అడుగున ‘వి’ ఖాళీ పట్టీ మందానికి 8 రెట్లు, అంటే 40 ఎంఎం. రెండు 25 గుండ్రటి కడ్డీలను 40 సందుతో గట్టి పలక మీద వెల్డింగ్ చేస్తే అదే ‘వి’. పైనుంచి నొక్కే పనిముట్టుకు 12 మందం పలక, దాని కొన అంచు గుండ్రంగా అరగదీసింది. ఈ లెక్కన 50×5 పట్టీకి 2 టన్నుల లోపు బలం చాలు. 5 టన్నుల జాక్ తీసుకుంటే సగం కూడా వాడరు. లోపలి గుండ్రం 6, 7 ఎంఎం వస్తుంది. సందు 20కి తగ్గిస్తే మూల పదునుగా వస్తుందనుకుంటారు గానీ బలం రెట్టింపై, బయటివైపు పట్టీ పగిలే ప్రమాదం ఉంది. పైగా రెండువైపులా పట్టీ మందం కలిపితే నొక్కే పలక ఆ సందులో దిగదు.

మామూలు బాటిల్ జాక్‌ను తలకిందులుగా పెడితే నూనె అందక పనిచేయదు. కాబట్టి జాక్ అడుగున నిలువుగా నిలబడి, కదిలే అడ్డ చానల్‌ను (సి ఆకారం ఇనుము) పైకి తోయాలి. ‘వి’ ఆ చానల్ మీద ఉంటుంది, నొక్కే పలకను ఫ్రేము పైన కదలకుండా వెల్డింగ్ చేయాలి. చానల్ కిందికి దిగడానికి రెండువైపులా తలుపు స్ప్రింగులు కట్టండి. 75 చానల్‌తో చట్రం సరిపోతుంది. మూలల్లో ముక్కోణం పలకలు తప్పక వేయండి, ఎందుకంటే బలమంతా ఆ నాలుగు అతుకులను విడదీయడానికే చూస్తుంది.

పట్టీ కోసిన అంచుల గరుకును మడిచే చోట ముందే అరగదీయాలి, పగులు అక్కడే మొదలవుతుంది. బెజ్జాలు మడత నుంచి కనీసం 20 ఎంఎం దూరంలో ఉండాలి, దగ్గరైతే కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయి బోల్టు దూరదు. మడిచేటప్పుడు ఎదురుగా నిలబడకుండా పక్క నుంచి పంపు కొట్టండి. పట్టీ ‘వి’ నడిమికి కాక పక్కకు పడితే జారి ఎగిరేది ముందువైపుకే.